జేబులో మిగిలిన పిన్ను

“ఈ వానలోనా? ఈ బండి మీదా? ఒక్కరేనా?” అంటూ బుగ్గలు నొక్కుకుంది అంత దూరాన టీ కొట్టు పెట్టుకున్న తెలుగావిడ.

“ఒక్కణ్ణే తల్లీ. ఇవాళ్టికి ఆరో రోజు,” అన్నాడు పానా, కోటు దులుపుకుంటూ.

అరవై మూడేళ్ళ మనిషి. మోటారు సైకిళ్ళ మెకానిక్‌గా బతికినన్నాళ్ళూ చేతిలోంచి పానా దిగేది కాదు కనక ఆ పేరు అంటుకుంది. పని మానేసి ఇరవై రెండేళ్ళయినా పేరు మాత్రం వదల్లేదు.

“కోటు మాత్రం గట్టిదండీ. ఇంత వానకీ చుక్క లోపలికి దిగలేదు.”

“నాది కాదు తల్లీ. ఒక మాస్టారు ఇచ్చారు. ఆయన దగ్గరికే వెళ్తున్నా. ఈ బండీ ఆయనదే.”

“బండి అప్పగించడానికి ఇంత దూరమా? లారీలో వేసి పంపితే పోయేదిగా!”

పానా నవ్వి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ మాట బయల్దేరేముందు భార్య కూడా అంది. దాంతోపాటు ఇంకో నాలుగు ఎక్కువే అంది. తలుచుకోగానే ఫోను మోగింది.

“ఎక్కడ తగలడ్డారు?”

“ఇంకో డెబ్భై కిలోమీటర్లు. సాయంత్రానికి చేరతా.”

“మోకాళ్ళో?”

“వాటి మానాన అవి నొప్పెడుతున్నాయి.”

“వానలు తగ్గాక వెళ్ళమంటే విన్నారు కాదు.”

“తగ్గాక వెళ్దాం, తగ్గాక వెళ్దాం అనుకుంటూనే ఇరవై రెండు వానాకాలాలు గడిపానే. ఆయనకీ డెబ్భై దగ్గర పడ్డాయి.”

“తిడితే పడండి,” అంది భార్య. “కొట్టినా సరే, ఎదురు చెప్పకండి.”

మళ్ళీ రోడ్డెక్కాడు. నలభై దాటనివ్వడు. లారీలు బురద చిమ్ముకుంటూ దాటిపోతుంటే అంచుకి జరిగి దారిస్తాడు. వంతెన కనిపిస్తే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

అలా ఎందుకో లోకంలో భార్యకొక్కదానికే తెలుసు. మాస్టారంటే హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. పిల్లల్లేరు, భార్య పోయింది, ఒంటి మనిషి. బాగుచేయమని ముందురోజు ఇచ్చిన బండి కోసం ఇరవై రెండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం పానా కొట్టుకి వచ్చారు. బయట వాన. పానా తన అలవాటు ప్రకారం పిన్ను పళ్ళ మధ్య పట్టుకుని వెనక బ్రేకు రాడ్డు తగిలిస్తున్నాడు. ఆ చిన్న పిన్ను గుచ్చితేనే రాడ్డు ఊడకుండా ఉంటుంది. మాస్టారు వానకోటు విప్పి స్టూలు మీద పెట్టారు.

“ఇది నువ్వుంచుకో పానా. నాకింక దీంతో పని లేదు.”

కొత్త కోటు! పానా మొహం చేటంతయింది. ‘మరి మీకో మాస్టారూ’ అనడానికి నోట్లోని పిన్ను తీసి చొక్కా జేబులో వేశాడు. మాటల్లో పడి మరిచిపోయాడు. బ్రేకు బాగా పడుతోందని కాలితో నొక్కి చూపించి మరీ అప్పగించాడు. మాస్టారు తడుస్తూనే వెళ్ళిపోయారు.

అరగంటలో కబురొచ్చింది. కాలవ దగ్గర, తిన్నటి రోడ్డు మీద, బండి సరాసరి పోయి వంతెన గోడని గుద్దిందట. వానకి జారి ఉంటుందన్నారు అందరూ. సాయంత్రం చొక్కా విప్పుతుంటే పిన్ను నేల మీద పడింది. మర్నాడు నుజ్జయిన బండిని కొట్టుకి తెస్తే రాడ్డు ఊడి వేలాడుతోంది. మాస్టారి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆస్పత్రి నుంచే వాళ్ళ అక్కగారు తనతో తీసుకుపోయింది, దేశం ఆ కొసకి.

ఆస్పత్రి గేటు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాడు పానా. కొట్టు మూసేసి ఒక గోడౌనుకి కాపలా కుదిరాడు. కొడుకు మోటారు సైకిల్ కొంటానంటే అన్నం మానేసి మరీ ఆపాడు. ఎవరూ అడగని ఆ బండిని మాత్రం ఒక్కో ముక్కా కూర్చి నిలబెట్టాడు. మాస్టారి అడ్రసు మొదటినుంచీ స్కూల్లోనే ఉంది. అడిగే ధైర్యమే లేకపోయింది.

సాయంత్రానికి ఇల్లు దొరికింది. వరండాలో కుర్చీ, పక్కన చంకకర్ర. మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. ముందు మనిషిని కాదు, కోటుని గుర్తుపట్టారు.

“పానా! నువ్వా! అదింకా ఉందా నీ దగ్గర?”

పానా కూర్చోలేదు. ఆరు రోజులుగా హెల్మెట్లో వల్లించుకుంటూ వచ్చినదంతా మెట్టు మీద నిలబడే ఒక్క గుక్కలో చెప్పేశాడు. తుప్పుపట్టిన పిన్నుని అరచేతిలో పెట్టి చాపాడు.

“దీన్ని మరిచిపోయాను మాస్టారూ. బ్రేకు పడక మీ కాలు పోయింది. తిట్టండి, కొట్టండి, మీ ఇష్టం.”

మాస్టారు పిన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇందుకా కొట్టు మూసేశావు?”

“ఈ చేతుల్తో ఇంకో బండి ఎలా ముట్టుకోను?”

“ఇరవై రెండేళ్ళా?”

పానా కోటు అంచుల నుంచి నీళ్ళు మెట్ల మీద కారుతున్నాయి.

లోపల అక్కగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. మాస్టారు అటోసారి చూసి, పానా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

“మా అక్కకి కూడా చెప్పలేదు పానా. నువ్విలా మోస్తున్నావని తెలిస్తే ఎప్పుడో ఉత్తరం రాసేవాణ్ణి. తప్పు నీది కాదయ్యా.”

“మరి ఆ బ్రేకు?”

“ఆ రోజు నేను కావాలనే బ్రేకు వెయ్యలేదు.”