గాలి పంతులు

"పరీక్షల మళ్ల తప్పినవా?"

అడిగిన పోశవ్వ చేతిలో గంజికుంచె అక్కడే ఆగిపోయింది. కరీమాబాద్ వాడలో ఈ కొస నుంచి ఆ కొస దాకా మగ్గానికెక్కాల్సిన పడుగు నూలు సాగదీసి ఉంది. అవతలి వైపు కొడుకు నర్సింగం తలెత్తకుండా పోగులు విడదీస్తున్నాడు.

"తప్పిన అవ్వా."

"పోయినేడు గూడ గిదే మాట."

"సదువు రాకుంటే వాడేం జేస్తడు గని, నీ గంజి ఆరుతాంది సూస్కో," ఎదురింటి మొగిలమ్మ అరుగు మీది నుంచి అందుకుంది. "గాలి పంతులు దగ్గర గాలి సదువు గాక ఏమొస్తది?"

హనుమకొండ కాలేజీలో విమానాల చట్టం చెప్పే కిషన్ రావును వాడంతా గాలి పంతులనే అంటుంది. కాలేజీ కాగితాల్లో ఆ పాఠం పేరు హవాయీ ఖానూన్. మామునూరు మైదానంలో విమానాల రాకపోకలు పెరిగాక దాన్ని పెట్టారు.

అంతలో అటు వైపు నుంచే ఒక విమానం ఇళ్ల మీదుగా పోయింది. మొగిలమ్మ చెవులు మూసుకుంది.

"నా ఇంటి మీదికెళ్లి పోవుడేంది? నన్నడిగిండా వాడు?"

"అంత ఎత్తుల పోతే అడగక్కర్లేదు పెద్దమ్మా," అన్నాడు నర్సింగం. "నేల నీదే. మీదున్న ఆకాశం సర్కారుది."

"మరి ఆ గాలిమోటరు కూలి మీ పడుగు మీద పడితే?"

"నష్టం కట్టియ్యాలె. వాని తప్పుందా లేదా అని గూడ సూడరు. పెద్దగాలి కొట్టింది, నేనేం జేస్త అంటే చెల్లదు."

"ఓసినీ! వీడు వకీలు లెక్క చెప్తాండు గదనే పోశవ్వా!"

పోశవ్వ కుంచె కింద పెట్టి కొడుకును కొసన పాతిన గుంజ దగ్గరికి తీసుకుపోయింది. గొంతు తగ్గించింది.

"గింత ఎరుకైనోనివి ఎట్ల తప్పినవ్‌రా? నిజం చెప్పు."

"కావాల్నని తప్పిన."

"ఏందీ?"

"ఆ తరగతిల నేనొక్కన్నే ఉన్న అవ్వా. తక్కినోళ్లు పాసై నౌకర్లకు పోయిండ్రు. కొత్తోళ్లు ఎవ్వరు చేరుతలేరు. చదివేటోడు లేకుంటే పాఠమే తీసేస్తరట. నేను పాసైతే సారు కొలువు పోతది."

"మరి మామునూరుల నీ నౌకరి?"

"పాసైతెనే ఇస్తరు. జర ఆలస్యమైతది, ఏం ఫికర్ లేదు."

పోశవ్వకు కోపం రావలసింది. రాలేదు. వానకాలంలో వీడు జ్వరంతో పడుకుంటే ఆ పంతులు హనుమకొండ నుంచి బురదలో నడిచి వచ్చాడు. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని, మగ్గం గుంట అంచున కూర్చుని, నిండు తరగతికి చెప్పినట్టే పాఠం చెప్పాడు. పోయేటప్పుడు మగ్గం మీది గుడ్డను వేళ్లతో తాకి, "నువ్వు నేసినంత సాపుగ నేను చెప్పలేనమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనుకోలేదు. మరిచిపోనూ లేదు.

"పెండ్లాం లేదు, పిల్లలు లేరు," అంది చివరికి. "ఆ పాఠం గూడ లేకుంటే ఏమైతడు ఆయన? సరే, ఇంకొక్కసారి తప్పు. మొగిలమ్మ చెవుల మాత్రం పడనియ్యకు."

మధ్యాహ్నం కాలేజీలో బెంచీలన్నీ ఖాళీ. మొదటిదాని మీద నర్సింగం. కిషన్ రావు హాజరు పిలిచాడు. ఉన్నది ఒక్క పేరే అయినా పిలుస్తాడు.

"నర్సింగం."

"హాజర్ సార్."

"ఆకాశం ఎవరిదంటే ఏం రాసినవయ్యా?"

"ఎవరు నేస్తే వాళ్లదని రాసిన సార్."

కిషన్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది నవ్వు ఆపుకోవడానికని నర్సింగానికి తెలుసు. సరైన జవాబు రాయడం ఎంతసేపు? చూసినవాళ్లు నమ్మేటట్టు తప్పు రాయడానికే అతను చెమటలు కక్కాడు.

"నీ తప్పు గాదు. నేనే యాడనో తొందరపడ్డ. మళ్ల మొదటికెళ్లి చెప్త."

పుస్తకాలు ఇంగ్లీషువి, పరీక్ష ఉర్దూలో. ఆయన మాత్రం తెలుగులో చెబుతాడు. నల్లబల్ల మీద ఒక ఇల్లు గీశాడు. ఇంటి మీద పిట్ట, పిట్ట మీద విమానం.

"నేల మీదైతే హద్దురాళ్లు పాతుకుంటం. గాలిల యాడ పాతుతం? గందుకని దేశాలన్ని ఒక్కకాడ కూసోని మాటతోని హద్దులు పెట్టుకున్నయ్. రాయి లేదు, కంచె లేదు. వట్టి మాట. దాని మీద నిలబడ్డది ఆకాశమంత. ఎంత ముచ్చటో సూడు!"

నర్సింగానికి ఈ పాఠం కంఠస్థం. అయినా ఆ చెయ్యి పైకి లేచి విమానంలా వాలుతుంటే కన్ను తిప్పలేకపోయాడు. ఈ మనిషి నోట పాఠం ఆగిపోకుండా ఉండటానికి ఇంకెన్నిసార్లయినా తప్పవచ్చు అనిపించింది.

గంట కొట్టారు. నర్సింగం దండం పెట్టి వెళ్లిపోయాడు. వరండాలో కాచుకుని ఉన్న ప్రిన్సిపాల్ వీరభద్రం లోపలికి వచ్చాడు.

"రావు సాబ్, బొంబాయి నుంచి మళ్ల కబురొచ్చింది. విమాన చట్టం ప్రొఫెసర్ కుర్చీ మీ కోసమే నిరుటి సంది ఖాళీగ పెట్టిండ్రు. పాఠం మీదే, పరిశోధన మీదే. ఎప్పుడొస్తరని అడుగుతాండ్రు. ఏం చెప్పమంటరు?"

కిషన్ రావు నల్లబల్ల మీది ఇంటి బొమ్మను తుడవబోయి, రేపటికి పనికొస్తుందని వదిలేశాడు.

"నర్సింగం పాసైనంక వస్తనని చెప్పుండ్రి."