మలుపు కాడి రాళ్ళు

"ఓ పెద్దమనిషీ! నా రాళ్ళు నిన్నేమన్నయ్?"

గంగాకిషన్ చేను గట్టు మీద నుంచి కేక వేశాడు.

రోడ్డు మీద ఒక ముసలాయన పాత సైకిల్‌కు స్టాండు వేసి, కాలితో ఒక్కో రాయినీ దొర్లించి పక్కకు దింపుతున్నాడు.

"మక్కలు ఎత్తుకున్నవ్ గద పటేలా. రాళ్ళు రోడ్డు మీదనే ఉన్నయ్."

"ఎండెక్కినంక మల్ల పోస్త. మల్ల నేనే మోసుకురావాల్నా?"

"నీకు తక్లీబ్ లేకుండ గట్టు కాడ్నే పెడుతున్న."

గంగాకిషన్‌కు ఒళ్ళు మండింది.

ఆర్మూర్ నుంచి భీమ్‌గల్ పోయే దారిలో, అడవిని ఆనుకుని ఉన్న మలుపు అది. అక్కడ రోడ్డు మీద మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఎండబోసేది గంగాకిషన్ ఒక్కడే. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చేవాడు. మన రైతుల పద్ధతే అంత. ఎత్తేటప్పుడు ఒక్క గింజ వదలరు, రాళ్ళను మాత్రం రోడ్డుకే దానం చేసి పోతారు.

ముసలాయన మూడేళ్ళుగా మక్కల కాలమంతా రోజూ పొద్దున్నే వచ్చేవాడు. ఎడమ అంచునే తొక్కేవాడు. మలుపు రాకముందే బెల్లు కొట్టేవాడు.

నెమళ్ళు రోడ్డెక్కితే మాత్రం బెల్లు ముట్టడు. సైకిల్ దిగి, చప్పుడు చేయకుండా నిలబడి, అవి దాటాకే కదిలేవాడు.

"నెమళ్ళకు సలాం కొడుతున్నవా?" గంగాకిషన్ ఎగతాళి చేశాడు.

"అడవి వాటిది పటేలా. మనం సుట్టాలమే."

గంగాకిషన్ కూతురు కావేరి తొమ్మిదో తరగతి. ఆ మలుపు మీదుగానే సైకిల్ మీద బడికి పోతుంది.

ఒకరోజు ముసలాయన ఆమెను ఆపి ఏదో చెప్పడం చూసి గంగాకిషన్ ఉరికి వచ్చాడు.

"నా బిడ్డతోని నీకేం మాటలు?"

"దిగుడుల ముందటి బ్రేకు ఒక్కటే గుంజొద్దని చెప్తున్న. బోర్ల పడ్తది."

"నా బిడ్డ సంగతి నేను చూసుకుంట. మల్ల గీ రోడ్డు మీద కనబడకు!"

ముసలాయన సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

మరునాడు మళ్ళీ వచ్చి రాళ్ళు తీశాడు. ఏం మనిషో! అన్ని మాటలు పడ్డాక ఇంకొకరైతే ఆ దారి తొక్కరు.

తర్వాత ఉన్నట్టుండి రావడం మానేశాడు. పీడ పోయిందనుకున్నాడు గంగాకిషన్. రాళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పదకొండో రోజు కావేరి పడింది. ముందు చక్రం రాయి ఎక్కింది. వెనక వస్తున్న లారీ ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

గంగాకిషన్ ఉరికి వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు.

"ఇన్ని దినాలు ఎన్నడు పడలే గదనే?"

"ఎర్రన్న తాత రాళ్ళు తీసెటోడు బాపూ. పది దినాలాయె, వస్తలేడు."

గంగాకిషన్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన ఊరేదో కావేరిని అడిగి తెలుసుకుని, ఆ సాయంత్రమే ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్ పోయి, నలుగురిని అడిగి ఎర్రన్న ఇల్లు పట్టుకున్నాడు.

అరుగు మీద ఎర్రన్న భార్య వెంకవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎర్రన్న లేడా అవ్వా?"

"పోయి పది దినాలాయె బిడ్డా. నిద్రలనే పోయిండు."

గంగాకిషన్ అరుగు అంచున కూర్చున్నాడు. చేతులు జోడించి చెప్పుకోవాలని దారంతా అనుకున్న మాట వినే మనిషే లేడు.

వెంకవ్వనే అడిగాడు. "అవ్వా, రోజు గంత దూరం వచ్చి రోడ్డు మీద రాళ్ళు ఎందుకు తీసెటోడు?"

"ఆయన పసుపు మార్కెట్ల హమాలి బిడ్డా. ఎంత బరువు బస్తానైనా ఒక్కడే ఎత్తెటోడు. మూడేండ్ల కింద నెమళ్ళను చూసొస్తనని అడివి దిక్కు పోయి, గా రాళ్ళ మీదనే పడ్డడు. భుజం విరిగింది. మల్ల బస్తా ముట్టలే."



"కేసు... పెట్టలేదా?"

"నేను పెడదామనే అన్న బిడ్డా. 'గా మలుపు కాడి పటేల్‌కు సైకిల్ నేర్చుకునే బిడ్డ ఉంది, ఆయన జైలుకు పోతే గా పోరి ఆగమైతది, రాళ్ళు నేనే తీస్త' అని నా నోరు మూయించిండు."