ఉన్నదున్నట్టు

బయట మంచు ఇంకా పడుతూనే ఉంది. రాజీవ్ షూస్ వేసుకుంటూ భార్యను అడిగాడు.

"ఇవాళ కూడా యూరప్ నుంచేనా కాల్స్?"

"అవును. అక్కడ బార్డర్ రూల్స్ టైట్ చేశాక కాల్స్ బాగా పెరిగాయి," అంది ఉజ్వల.

"ఇండియాకి ఫోన్ చేశావా?"

"చేశా."

"వచ్చే నెల మన గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. ఇంకేం టెన్షన్స్ పెట్టుకోకు." కారు మీది మంచు గీకి, ఆఫీస్‌కి వెళ్లిపోయాడు.

అమెరికాలోని నోవై ఊళ్లో, ఆ ఇంటి బేస్‌మెంటే ఉజ్వల ఆఫీసు. ఫోన్‌లో తెలుగుని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషుని తెలుగులోకి మార్చి చెప్పడం ఆమె పని. ఎదుటి మనిషి ముఖం చూపించరు. పేరు కూడా చెప్పరు, కేసు నంబరు ఒక్కటే. అతను "నేను" అంటే ఆమె కూడా "నేను" అనే చెప్పాలి.

ఈసారి ఫోన్ వచ్చింది యుద్ధం జరుగుతున్న సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒక చిన్న దేశపు బార్డర్ ఆఫీసు నుంచి. ఇంటింటా నీళ్లు, తిండి, టార్చిలైట్ సిద్ధంగా ఉంచుకోమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. సరిహద్దు దాటి వచ్చినవాళ్లని ముందు అనుమానించి, ఆ తర్వాతే మాట్లాడుతున్నారు.

"మొదలుపెట్టండి," అంది అక్కడి లేడీ ఆఫీసర్.

"నమస్కారమండీ. నేను ఇంటర్‌ప్రెటర్‌ని. మీరు చెప్పింది ఉన్నదున్నట్టు చెబుతాను. అర్థమైందాండీ?" అంది ఉజ్వల.

అవతల కుర్చీ కిర్రుమని జరిగింది.

"అర్థమైందండీ." కుర్ర గొంతు. బొంగురుపోయి ఉంది.

ఆ ఒక్క మాట ఇంగ్లీషులో చెప్పడానికి ఉజ్వలకి ఒక క్షణం పట్టింది.

"రూల్ కాబట్టి అడుగుతున్నా. మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా? తెలిస్తే ఇంటర్‌ప్రెటర్‌ని మార్చాలి," అంది ఆఫీసర్.

ఉజ్వల ఆ ప్రశ్నని తెలుగులో అడిగింది.

"ఎవరో తెలియదండీ," అన్నాడతను.

"మీకు?"

"తెలియదు," అంది ఉజ్వల.

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. గోడౌన్‌లో హెల్పర్ పని అని ఏజెంట్ సరిహద్దుకి అవతలి దేశానికి పంపించాడు. దిగగానే పాస్‌పోర్ట్ లాక్కున్నారు. తెలియని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించారు. యూనిఫాం ఇచ్చారు, తుపాకీ ఇచ్చారు. కందకాలు తవ్వించారు. పక్కనే తవ్వుతున్న నేపాలీ కుర్రాడు బాంబు పడి చనిపోయిన రోజున, అడవిలోంచి నడుచుకుంటూ ఇటు వచ్చేశాడు.

"నాకు తుపాకీ ఇచ్చారు. నేను పారిపోయాను." ఒక్కో వాక్యమూ ఉజ్వల నోట ఇంగ్లీషులో మళ్లీ వినిపించింది.

"మీరు కాల్చారా?" అంది ఆఫీసర్.

"కాల్చమన్నారండీ. కాల్చాను. ఎవరికైనా తగిలిందేమో చూడలేదు."

ఉజ్వల కళ్లు మూసుకుంది. ఆ చివరి మాట వదిలేస్తే అతనికి మంచిది. అక్కడ తెలుగు తెలిసినవాళ్లెవరూ లేరు. కానీ కాల్ రికార్డవుతోంది.

"కాల్చాను," అంది ఇంగ్లీషులో. "ఎవరికైనా తగిలిందేమో చూడలేదు."

ఆఫీసర్ టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత అంది: "మా జనం రాత్రిళ్లు షెల్టర్లకి పరిగెత్తడం ప్రాక్టీస్ చేస్తున్నారు. మిమ్మల్ని నమ్మి లోపలికి రానిస్తే, రేపు వాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి."

ఉజ్వల దాన్ని తెలుగులో చెప్పింది.

"నిజమేనండీ. మీ స్థానంలో ఉంటే నేనైనా నమ్మను," అన్నాడతను.

"మీరు చెప్పుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?"

"నేను బతికే ఉన్నానని మా అమ్మకి తెలిస్తే చాలండీ. అన్నం మానేసి కూర్చుని ఉంటుంది."

ఉజ్వల ఆ మాటని ఇంగ్లీషులో రెండుసార్లు మొదలుపెట్టి పూర్తిచేసింది.

"కావాలంటే మంచినీళ్లు తాగి రండి," అంది ఆఫీసర్.

"వద్దు. కంటిన్యూ చేద్దాం."

"అయితే చివరి ప్రశ్న. యూరప్‌లో గానీ అమెరికాలో గానీ మీ బంధువులెవరైనా ఉన్నారా? ఉంటే ఆ దేశం సెక్యూరిటీవాళ్లకి వాళ్ల పేర్లు పంపిస్తాం. వాళ్లనీ విచారిస్తారు."

ఉజ్వల ఆ ప్రశ్నని తెలుగులో నెమ్మదిగా, మాట మాటా విడదీసి అడిగింది.

అతను ఏమాత్రం తడుముకోలేదు.

"ఎవరూ లేరండీ. ఒక్క అక్క ఉండేది, పోయింది."

"ఎవరూ లేరు, ఉన్న ఒక్క అక్కా చనిపోయింది" అని ఉజ్వల ఇంగ్లీషులో ఆఫీసర్‌కి చెప్పేదాకా, అవతల ఆమె తమ్ముడు ఊపిరి బిగబట్టి విన్నాడు.