నర్సమ్మ పరుగు

“ఈ పొద్దు ఎవరి బండెక్కి వచ్చినావు?” వాకిలి ఊడుస్తున్న రత్నమ్మ చీపురు ఆపి మరీ అడిగింది.

“బయన్న మామది. వద్దన్నా వినలేదత్తా,” బూట్లు విప్పుతూ అంది ఫెబీ. “పరిగెత్తుతుంటే అడ్డమొచ్చినాడు. ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టుంది, ఎక్కు నర్సమ్మా అన్నాడు.”

“నిన్న పాలాయన, మొన్న ఆటో. పరుగని పోయి బండి మీద దిగేదానివి, పందెంలో కప్పేం తెస్తావు? ఆస్పత్రిలో పొద్దంతా తిరిగేది చాల్లేదా?”

“అది తిరుగుడత్తా. మంచానికీ మంచానికీ మధ్య తిరిగితే కాళ్లు లాగుతాయి గానీ దమ్ము రాదు.”

వచ్చే శనివారం ఒంగోలులో జిల్లా నర్సుల ఆటల పోటీలు. మార్కాపురం ఆస్పత్రి తరఫున పరుగు పందెంలో ఫెబీ. ఊరేమో ఆమెను చర్చి దాటనివ్వడం లేదు. బండి ఉన్నవాళ్లు ఆపి ఎక్కించుకుంటున్నారు. బండి లేనివాళ్లు బీపీ చూడమని చెయ్యి చాపుతున్నారు.

“ఇంట్లోనే గెంతరాదూ,” టీ తాగుతూ నవ్వాడు భర్త దేవరాజు.

“మీరు గమ్మునుండండి,” కసిరింది ఫెబీ.

“వాని మీదెందుకు అరుస్తావు?” అంది రత్నమ్మ. “ఆఖర్న వచ్చి నవ్వులపాలయ్యే కంటే ఈ పొద్దే పేరు తీసెయ్యమని చెప్పు.”

“తియ్యను.”

“తీస్తావు.”

“తియ్యనంటే తియ్యను!”

ఇద్దరి గొంతులూ వీధిలోకి పోయాయి. అప్పుడే ఎదురింటి సుబ్బులు బీపీ కోసం జాకెట్టు చెయ్యి మడుచుకుంటూ గేటు తీసింది. అత్త చేతిలో చీపురు చూసింది. కోడలి మొహం చూసింది. నోరెత్తకుండా గేటు వేసి వచ్చిన దారినే పోయింది. టీకి ఆశపడి గేటు బయటే నిలబడ్డ బయన్న కూడా బండి తిప్పుకొని జారుకున్నాడు.

సుబ్బులు మూసిపోయిన గేటు వంకే చూస్తూ ఉండిపోయింది రత్నమ్మ. పందెం నుంచి తన పేరు పోయినట్టే అనుకుంది ఫెబీ.

రాత్రి అందరూ సంగటి ముందు కూర్చున్నారు. మామ సత్యానందం ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాడు. రత్నమ్మ ముద్ద కలుపుతూ నింపాదిగా చెప్పింది.

“ఏమయ్యా, రేపు పొద్దున్నే నువ్వు బండి తియ్యి. నేను చీపురు పట్టుకొని వెనక కూర్చుంటా. ఫెబీ, నువ్వు ముందర పరిగెత్తు. అత్త తరుముతుంటే కోడల్ని ఆపేటోడు ఈ ఊర్లో ఇంకా పుట్టలేదు.”