బొట్టు పెట్టిన నేరేడు

“మన బండికి మూడే చక్రాలున్నయా? నాలుగున్నయిగ!” అన్నాడు మొండయ్య, మోకాళ్ల దాకా బురదలో నిలబడి.

పరుశురాంకు ఒళ్లు మండింది. “నాలుగున్నయి మామా, ఇంజను తిప్పేది ఎనకయి రెండే. ఫోర్ వీల్ బండయితే నాలుగూ తిరుగుతయి. ఈపాటికి గడ్డకెక్కేటోళ్లం. కొందాం కొందామని ఏడాది సంది మొత్తుకుంటున్న. నువ్వింటేగా!”

“చెట్లు కొట్టెటోళ్లకు గంత బండెందుకురా? సూరత్‌ల గుట్టలున్నయా ఎక్కేటందుకు?”

మొండయ్య అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ, పైగా చెట్లు కొట్టే పనిలో సగం భాగస్తుడు. అలాంటి మనిషితో వాదించి నెగ్గడం దేవుడి తరం కూడా కాదు.

అమ్రోలి అవతల తాపీ నది ఒడ్డున, ఒక శేఠ్ తోటగోడను పగలగొడుతున్న నేరేడు చెట్టును తీసేయడానికి వచ్చారిద్దరూ. తోటలోంచి దారి లేక నది పక్క బాటలో దిగితే, చెట్టు ఇంకా రెండు బండ్ల పొడుగు దూరం ఉందనగా పికప్ దిగబడింది. మూతి చెట్టు వైపు, వీపు నది వైపు. పైన డ్యాం గేట్లు ఎత్తారట. నీళ్లు చూస్తుండగానే ఒడ్డును మింగుతున్నాయి. రంపం మిషన్లు, తాళ్లు, నిచ్చెనలు, రెండిళ్ల బతుకూ ఆ బండిలోనే ఉంది. చక్రాల కింద రాళ్లు కుక్కారు, గోనెసంచులు పరిచారు. బండి ఇంకాస్త కూరుకుపోయిందే తప్ప ముందుకు రాలేదు.

పరుశురాం బండి వెనక డాలాలోంచి చైన్‌పుల్లీ, తాడు కిందికి లాగాడు. “నేరేడుకు కట్టి గుంజుదాం.”

మొండయ్య ముఖం మారిపోయింది. “దానికొద్దు.”

“మరి దేనికి కట్టాలె? నీకా?”

“బొట్టు పెట్టిన చెట్టురా అది!”

చెట్టు మీద రంపం పెట్టే ముందు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి సెలవు అడగడం వాళ్ల పద్ధతి. బండి కంటే ముందు నడిచిపోయి మొండయ్య ఆ పని కానిచ్చేశాడు.

“ఇయ్యాల నువ్వు పోతవని దానికి చెప్పినం. చెప్పినంక కోత తప్ప ఇంకో పని పెట్టద్దు. మా నాయిన పెట్టలే, మా తాత పెట్టలే.”

“పనేం పెడ్తలేను మామా. జర పట్టుకొమ్మంటున్న, గంతే.”

“గదే పని.”

“నీళ్లు చూసినవా? ఇంకో గంటైతే బండి సముద్రంల తేలుతది. అప్పుడు మీ తాత అచ్చి గుంజుతడా?”

మొండయ్య నీళ్ల వైపు చూశాడు, బండి వైపు చూశాడు. పుల్లీ చేతికందుకున్నాడు.

పరుశురాం తాడు భుజాన వేసుకుని ఒడ్డెక్కి మాను చుట్టూ తిప్పి ముడి వేశాడు. అరచెయ్యి ఆనిన చోట మాను వెచ్చగా తగిలింది, జ్వరమొచ్చిన పిల్ల నుదురులా. పొద్దుటి నుంచీ ముసురే. వానలో నానిన చెట్టు వెచ్చగా ఉండడమేమిటి? గోడ అవతల కొబ్బరిచెట్లు గాలికి జుట్టు విరబోసుకుని ఊగుతున్నాయి. నేరేడు మీద ఒక్క ఆకు కదలడం లేదు. చెట్టు నిండా నల్లగా మాగిన పండ్లు, ఒక్కదానికీ చిలక కొరుకు లేదు. ఆ మాట మామతో అంటే ఇంకేమైనా ఉందా? నోరు మూసుకుని దిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

మొండయ్య పుల్లీని బండి ముందున్న కొక్కేనికి తగిలించాడు. తాడు కొస దానికి కట్టి, పక్కకు జరిగి, చెట్టుకు వీపు పెట్టి గొలుసు గుంజడం మొదలుపెట్టాడు.

“రేస్ ఇయ్యి!”

ఇంజను గొంతు చించుకుంది. వెనక చక్రాలు బురద చిమ్మాయి. తాడు బిగుసుకుని కిర్రుమంది. కాసేపు ఏమీ జరగలేదు. పరుశురాం పళ్లు బిగబట్టి కాలు ఇంకా అదిమాడు.

“గొలుసు అస్తందిరా! ఆపకు!”

నిజమే. అద్దం మీద వైపర్ తుడిచినప్పుడల్లా చెట్టు ఇంకాస్త దగ్గరగా కనిపిస్తోంది. మాను లావవుతోంది. బెరడు మీది పగుళ్లు కనిపిస్తున్నాయి. పరుశురాంకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. సగం దూరం అయ్యాక మామ గొలుసును అంత కష్టపడి గుంజుతున్నట్టు కూడా లేదు, దానంతటదే చేతుల్లోకి వస్తున్నట్టుంది. టప్‌మని ఒక పండు బానెట్ మీద రాలింది. వెంటనే మరో నాలుగు రాలాయి.

“ఇగ సాలు మామా! ఆపు!”

మాను బండి మూతికి జానెడు దూరంలో ఉంది. మొండయ్య గొలుసు వదిలేసి, ఆయాసపడుతూ అలాగే వెనక్కి ఒరిగి మానుకు వీపు ఆనించాడు.

“ఇదేందిరా, గింత ఎచ్చగున్నది?”

“మామా, నీదే గెలుపు!” పరుశురాం ఇంజను ఆపి గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వులో సంతోషం ఎంతో, వదిలిన భయమూ అంతే. “ఇగ కొత్త బండి మాట ఎత్తితే ఒట్టు. రెండు చక్రాలతోనే గడ్డకెక్కినం!”

మొండయ్య మీసం దువ్వుకున్నాడు. “మరి చెప్తే ఇంటివా?”

పరుశురాం తలుపు తీసి హుషారుగా కిందికి దూకాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి. గడ్డకెక్కిన బండి కింద ఇన్ని నీళ్లేమిటి? వంగి చూశాడు. వెనక చక్రాలు అదే గుంతలో, వాళ్లు కుక్కిన రాళ్ల మీదే ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. మెల్లగా తలెత్తి ఒడ్డు పైకి చూశాడు.

తోటగోడ పక్కన నేరేడు ఉండాల్సిన చోట ఇంత పెద్ద గొయ్యి, అక్కడి నుంచి బండి మూతి దాకా నాగలి పోయినట్టు చీలిన నేల.