సూదికి ముందు నెత్తురు

పది గంటల సూది పది దాటినా పడలేదు.

పదేళ్ల కీర్తన వరంగల్ దవాఖానలో చేరి ఆరు రోజులు. జబ్బు నెత్తురులోకి పాకిందన్నారు. ఆ సూదిమందే పిల్లను నిలబెడుతోందని తల్లి విమల నమ్మకం.

నర్సు సుకన్య సిరంజి తెచ్చింది. వెనకే ల్యాబు నుంచి యాకయ్య ఉరికొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపండి! ముందు నెత్తురు తియ్యాలె!"

వార్డంతా ఉలిక్కిపడింది.

"గంత గట్టిగ ఎందుకు ఒర్లుతున్నవ్? పిల్ల పాణం మీదున్నది!" అంది విమల.

అతను ఆమె మూతివంకే చూశాడు.

విమలకు ఒళ్లు మండింది. "నా మూతి దిక్కు ఏం జూస్తున్నవ్? సిగ్గులేదా?"

అతను తల దించుకుని రక్తం తీసుకున్నాడు.

"రిపోర్టు వచ్చేదాక సూది వద్దు" అని మళ్లీ అంతే గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు.

సుకన్య ఏదో చెప్పబోయింది. విమల వినిపించుకోలేదు.

గంట గడిచింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది.

"అమ్మా, చెవుల్ల గుయ్యిమంటున్నదే."

"జరం బిడ్డా, ఓర్చుకో. యేసయ్యా, నా బిడ్డను తీస్కపోకయ్యా!"

ఆగలేక విమల ల్యాబుకు ఉరికింది. యాకయ్య అటు తిరిగి మెషీన్ ముందు కూర్చున్నాడు.

"అన్నా, కాళ్లు మొక్కుత! సూది ఇయ్యుమని చెప్పన్నా!"

ఉలకడు, పలకడు.

"ఒక్కతే బిడ్డ అన్నా!"

తల కూడా తిప్పలేదు.

"థూ! చెవిటోని ముందు శంఖమూదినట్టున్నది!"

ఏడుస్తూ వెనక్కి వచ్చింది.

కాసేపటికి డాక్టరమ్మ రిపోర్టుతో వచ్చింది.

"నిన్నటి మందే ఇంకా నెత్తురుల నుంచి దిగలేదమ్మా. పొద్దున ఇంకో సూది పడుంటే కిడ్నీలు, చెవులు పోతుండె. ల్యాబాయన పట్టుబట్టబట్టి బతికినం. వేరే మందు పెడుతున్న."

విమల పిల్ల చెవులు తడిమి చూసింది.

మూడో రోజుకు జ్వరం దిగింది. చెవుల్లో మోత ఆగింది.

ఆ సాయంత్రం యాకయ్య సంచీ భుజానేసుకుని వరండాలో పోతుంటే విమల వెంటపడింది.

"అన్నా! తప్పయింది. జర ఆగన్నా!"

అతను ఆగలేదు. మెట్లు దిగి కాజీపేట ఆటో ఎక్కేశాడు.

"నా మీద కోపం ఇంకా పోలేదు" అంది విమల, కళ్లు తుడుచుకుంటూ.

"కోపం కాదక్కా" అంది వెనకే వచ్చిన సుకన్య. "ఎదురుంగుంటే మూతి చూసి మాట పోల్చుకుంటడు. వెనుకనుంచి పిలిస్తే ఎట్ల తెలుస్తది? కీర్తనంత ఉన్నప్పుడు గిదే సూది ఆయన చెవులు తిన్నది; ఆపుమని ఒర్లేటోడు ఆనాడు ఎవలు లేకుండె."