ఊగిన గోడ

“వణుకు బాగా పెరిగింది మాస్టారూ,” ఫోన్ తెరలోంచి పెదవి విరిచాడు డాక్టరు. “డోసు పెంచుదాం.”

కుర్చీలో కూర్చున్న డ్రాయింగు మాస్టారు తన చేతుల్ని చూసుకున్నాడు. పొద్దుట వేసుకున్న మాత్ర పుణ్యమా అని రెండూ ఒళ్లో బుద్ధిగా పడి ఉన్నాయి.

“ఇంకేం ఊగుతూ కనబడుతోంది డాక్టరుగారూ?”

“తల, భుజాలు, వెనక గోడ మీద గడియారం కూడా...” డాక్టరు నసిగాడు.

“గోడకీ రెండు పూటలా రాసెయ్యండి. నేనొక్కణ్ణే మింగితే చిన్నబుచ్చుకుంటుంది.”

“చాల్లెండి వెటకారం,” అంది ఎదురుగా నిలబడి ఫోన్ పట్టుకున్న భార్య.

అప్పుడు పడింది ఆయన చూపు, ఆమె మణికట్టు మీద.

“ఏమిటే అది?”

“ఏముంది, ఫోన్ బరువు,” అంటూ చెయ్యి మార్చుకుంది.

తన జబ్బు బయటపడక ముందు ఏడాదిపాటు ఆయన ఆమెతో ఆడిన అబద్ధమే అది. కాకపోతే అప్పట్లో బరువు నీళ్లగ్లాసుది.

లేచి, ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ అందుకున్నాడు. బుద్ధిగా ఉన్న చెయ్యి కాస్తా మళ్లీ మొదలెట్టింది.

“డాక్టరుగారూ, ఈవిడ చేతులు చూడండి. గోడ ఊగితే కంగారుపడకండి, అది నేను.”